బట్టలు లేని పెళ్లి: చట్టం అడ్డుపడేది ఎక్కడ?

నగ్నంగా పెళ్లి చేసుకోవడాన్ని చట్టం అనుమతించాలా వద్దా అని వాదించుకునేవాళ్లు ఇరుపక్షాలవారూ ఒక విషయాన్ని ముందే ఖాయం చేసేసుకుంటారు: చట్టం ఇప్పుడు దాన్ని నిషేధిస్తోందని. వివాహ చట్టాలు తెరిచి చూస్తే అలాంటి నిషేధం కనిపించడం కష్టం. కాలిఫోర్నియా కుటుంబ చట్టం 420వ సెక్షన్ పెళ్లి తంతుకు ఫలానా రూపమంటూ ఏదీ అక్కర్లేదని నేరుగానే చెబుతుంది. పెళ్లి జరిపించే వ్యక్తి, అవసరమైన సాక్షులు ఎదురుగా ఉండగా ఒకరినొకరు జీవిత భాగస్వాములుగా స్వీకరిస్తున్నామని ఇద్దరూ చెబితే చాలు. న్యూయార్క్ చట్టమూ దాదాపు ఇదే మాట అంటుంది. ఆస్ట్రేలియా 1961 వివాహ చట్టం అంతకంటే కచ్చితం. అక్కడ అధికారి పలకాల్సిన హెచ్చరిక వాక్యం, జంట నోటి నుంచి రావాల్సిన కనీస వాక్యం, పద్దెనిమిదేళ్లు నిండిన ఇద్దరు సాక్షులు, కనీసం నెల ముందు ఇవ్వాల్సిన నోటీసు అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. బట్టల ఊసు మాత్రం లేదు.

కాబట్టి అసలు ప్రశ్న రెండుగా విడిపోతుంది. అలా జరిగిన పెళ్లి చెల్లుతుందా? అలా జరుపుకున్నందుకు శిక్ష పడుతుందా? ఈ రెంటినీ కలిపేయడం వల్లే వాదన అక్కడక్కడే తిరుగుతోంది.

మొదటిదానికి జవాబు తేలిక. పెళ్లి చెల్లకుండా పోయే కారణాలను చట్టాలు విడివిడిగా చెబుతాయి: వయసు చాలకపోవడం, అప్పటికే పెళ్లయి ఉండడం, నిషిద్ధ రక్త సంబంధం, సమ్మతి లేకపోవడం, అధికారం లేని వ్యక్తి జరిపించడం. ఇంగ్లండ్ 1949 వివాహ చట్టం 49వ సెక్షన్ ఇంకో మెట్టు ముందుకెళ్లి, నోటీసు లేదనో అనుమతి లేని చోటనో తెలిసీ కావాలనే పెళ్లి చేసుకుంటే చెల్లదంటుంది. ఏ జాబితాలోనూ దుస్తులు లేవు. తంతు మధ్యలో పోలీసులు వచ్చి జరిమానా రాసినా, అప్పటికే ఇద్దరూ చట్టం కోరిన మాటలు పలికి ఉంటే వాళ్లు భార్యాభర్తలే. జరిమానా చెల్లించాల్సిన భార్యాభర్తలు, అంతే.

ఇక్కడ జర్మనీ కొంచెం ప్రత్యేకం. అక్కడి పౌర స్థితి నమోదు చట్టం 14వ సెక్షన్, పెళ్లి దాని ప్రాముఖ్యానికి తగినంత హుందాగా, అధికారి తన పని సక్రమంగా చేసుకోగలిగేలా జరగాలంటుంది. నగ్న జంటను వెనక్కి పంపాలనుకునే రిజిస్ట్రార్‌కు ఇది మంచి ఆధారం. అయితే అది జరగాల్సిన తీరును చెప్పే వాక్యమే గానీ, అలా జరగకపోతే పెళ్లి రద్దని చెప్పే వాక్యం కాదు. ముందు ఆపడానికి పనికొస్తుంది, జరిగిపోయినదాన్ని చెరిపెయ్యడానికి పనికిరాదు. ఇంగ్లండ్‌లోనూ పౌర వివాహాలకు అనుమతి పొందే స్థలం హుందాగా, మర్యాదకరంగా ఉండాలన్న నిబంధన ఉంది. అది హాలుకు పెట్టిన షరతు, లోపలికి వచ్చేవాళ్ల ఒంటికి పెట్టింది కాదు. అయినా లైసెన్స్ పోతుందేమోనన్న భయంతో హాలు యజమాని ఆ షరతునే జంట ముందు పెడతాడు. కాగితం మీద లేని నిషేధం అలా ఆచరణలో పుట్టుకొస్తుంది.

అప్పుల కోసం విప్పిన బట్టలు

నగ్న వివాహం ఆధునికుల విపరీతం అనుకునేవాళ్లు పద్దెనిమిదో శతాబ్దం వైపు ఒకసారి చూడాలి. అప్పట్లో ఇంగ్లండ్‌లో, అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో వధువు కేవలం లోపలి చొక్కాతో, అరుదుగా అదీ లేకుండా పెళ్లిపీట దగ్గరకు రావడం ఉండేది. దానికి కారణం పూర్తిగా లెక్కల వ్యవహారం. నాటి చట్టం ప్రకారం భార్య పెళ్లికి ముందు చేసిన అప్పులకు భర్త బాధ్యుడు. ఆమె ఏ ఆస్తీ తేకుండా, ఒంటి మీద గుడ్డ కూడా లేకుండా వస్తే ఆ బాధ్యత అంటదని జనం నమ్మేవారు. వితంతువుల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. చనిపోయిన భర్త సొమ్ములో చిన్న వస్తువు ముట్టుకున్నా అతని అప్పులు మెడకు చుట్టుకుంటాయన్న భయం. ఆమె ఒంటి మీది గౌను కూడా ఆ సొమ్ముతో కొన్నదే కదా.

1789లో వెర్మాంట్‌లోని న్యూఫేన్‌లో జరిగిన పెళ్లి దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. వధువు బట్టలన్నీ తీసేసి చిన్న గదిలో నిలబడి, తలుపుకు కోసిన కంతలోంచి చెయ్యి బయటికి చాచింది. వరుడు మోసెస్ జాయ్ ఆ చెయ్యి పట్టుకుని ప్రమాణం చేశాడు. తంతు ముగిశాక ఆమె కొత్త బట్టలు కట్టుకుని బయటికొచ్చింది. ఈ నమ్మకానికి చట్టంలో పునాది అంతంతమాత్రమే. భర్త బాధ్యత పెళ్లి వల్ల వచ్చింది, చీర వల్ల కాదు. 1870, 1874 నాటి బ్రిటిష్ చట్టాలు భార్య పాత అప్పుల విషయాన్నే మార్చేయడంతో అక్కడ ఈ తంతుకు అవసరం లేకుండా పోయింది.

ఈ చరిత్రలో నేటి వాదనకు పనికొచ్చే ముక్క ఆ తలుపు. వధువు నగ్నంగా ఉందని అందరికీ తెలియాలి, ఎవరికీ కనపడకూడదు. ఈ చిక్కు రెండు శతాబ్దాల తర్వాతా తీరలేదు. ఎందుకంటే పెళ్లి బహిరంగంగా జరగాలన్నది చట్టం పట్టుబట్టే విషయం. రహస్య వివాహాలు, బలవంతపు వివాహాలు, ఒకరుండగా ఇంకొకరిని కట్టుకోవడం లాంటివి ఆపడానికే ఈ నియమం. ఫ్రాన్స్ సివిల్ కోడ్ 165వ అధికరణం పెళ్లి బహిరంగంగా జరగాలంటుంది. ఇంగ్లండ్‌లో నమోదైన ప్రార్థనా స్థలాల్లో తలుపులు తెరిచే ఉంచాలి. అనుమతి పొందిన హాళ్లలో పెళ్లి చూడ్డానికి వచ్చేవాళ్లను డబ్బు అడగకుండా లోనికి రానివ్వాలి. మరి వచ్చినవాళ్లకు నగ్నత్వం చూడడం ఇష్టమో కాదో? వివాహ చట్టం తలుపు తెరవమంటుంది, అశ్లీలత చట్టం మూయమంటుంది. నగ్న పెళ్లికి అసలైన చట్టపరమైన అడ్డంకి ఇదే. నైతికత గురించిన పెద్ద పెద్ద మాటలన్నీ దీని తర్వాతే.

శిక్ష సంగతి: ఊరు మారితే చట్టం మారుతుంది

ఇంగ్లండ్, వేల్స్‌లలో నగ్నంగా ఉండడమే నేరం కాదు. 2003 లైంగిక నేరాల చట్టం 66వ సెక్షన్ కింద నేరం కావాలంటే, ఎవరో చూసి భయమో బాధో పడాలన్న ఉద్దేశంతో జననాంగాలు ప్రదర్శించాలి. పెళ్లి జంటకు ఆ ఉద్దేశం ఉందని నిరూపించడం దాదాపు అసాధ్యం. పక్కనే ఉన్న స్కాట్లండ్ తమాషా చూడండి. పెళ్లి ఎక్కడ జరగాలన్న విషయంలో అది ఇంగ్లండ్ కంటే చాలా ఉదారం. అక్కడ ఆమోదం జరిపించే మనిషికి, భవనానికి కాదు. కొండ మీదైనా, సముద్రపు ఒడ్డునైనా పెళ్లి చెల్లుతుంది. కానీ నగ్నంగా కాలినడకన బ్రిటన్ ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్లిన స్టీఫెన్ గోఫ్‌ను శాంతిభంగం కింద పదేపదే జైలుకు పంపిందీ స్కాట్లండే. అన్నీ కలిపితే ఏడేళ్లు దాటింది. అంటే చోటు దొరికే దేశంలో ఒళ్లు కప్పుకోవాలి, బట్టలు విప్పగలిగే దేశంలో చోటు దొరకదు.

కాలిఫోర్నియాలో 1972లోనే రాష్ట్ర సుప్రీంకోర్టు, లైంగిక ఉద్దేశం లేకుండా బీచ్‌లో నగ్నంగా ఎండ కాగడం అసభ్య ప్రదర్శన కిందికి రాదని తేల్చింది. కానీ నగరాలు సొంత నియమాలు పెట్టుకోవచ్చు. శాన్ ఫ్రాన్సిస్కో పాలక మండలి 2012 నవంబరులో 6–5 ఓట్లతో వీధుల్లో నగ్నత్వాన్ని నిషేధించింది. 2013 ఫిబ్రవరి 1 నుంచి అది అమల్లోకొచ్చింది. మొదటిసారికి 100 డాలర్లు, రెండోసారికి 200. అనుమతి పొందిన ఊరేగింపులకు మినహాయింపు. ఆ నిషేధాన్ని వ్యతిరేకించిన ఒక ఉద్యమకారిణి అదే ఏడాది డిసెంబరులో సిటీ హాల్ మెట్ల మీద నగ్నంగా పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి నిరసన కూడా కాబట్టి మెట్లే కావాల్సొచ్చాయి. నిరసన ఉద్దేశం లేని జంటకు ఆ మెట్లతో పని లేదు.

వీటన్నిటికంటే సూటిగా ఉన్నది ఫ్లోరిడా చట్టం. బహిరంగ నగ్నత్వాన్ని శిక్షిస్తూనే, అందుకోసం ప్రత్యేకించిన చోట్లను వదిలేస్తుంది. పైగా అక్కడ నోటరీకి కూడా పెళ్లి జరిపించే అధికారం ఉంది. నగ్నవాద క్లబ్బు ఆవరణలో, అందుకు ఒప్పుకున్న నోటరీ ముందు, చెల్లుబాటయ్యే లైసెన్స్‌తో జరిగే పెళ్లికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు. కొలరాడోలో ఇంకా సులువు. జంట తమ పెళ్లి తామే జరుపుకోవచ్చు, అధికారీ సాక్షులూ లేకుండానే. 35 రోజుల్లోపు లైసెన్స్ వాడుకుని, తంతు జరిగిన 63 రోజుల్లోపు తిరిగి ఇచ్చేస్తే సరి. చూసేవాళ్లే లేని చోట ఎవరి మనోభావాల ప్రశ్నా రాదు.

ఫ్రాన్స్ ఇందుకు పూర్తిగా అటు కొస. పెళ్లి మేయర్ దగ్గర, పురపాలక భవనంలోనో ఆ పని కోసం కేటాయించిన పురపాలక స్థలంలోనో జరగాలి. లైంగిక ప్రదర్శన నేరానికి ఏడాది జైలు, 15,000 యూరోల దాకా జరిమానా ఉంది. నగ్నవాదుల పెద్ద విడిది గ్రామం కాప్ దాగ్ద్ ఉన్నది ఫ్రాన్స్‌లోనే అయినా, చట్టబద్ధమైన పెళ్లి మాత్రం బట్టలతో పురపాలక భవనంలో అయ్యాకే విడిదిలో వేడుక. భారత్‌లో 1954 ప్రత్యేక వివాహ చట్టం 12వ సెక్షన్ జంట ఎంచుకున్న ఏ రూపంలోనైనా పెళ్లి జరపవచ్చంటుంది. వివాహ అధికారి, ముగ్గురు సాక్షుల ముందు నిర్ణీత వాక్యం పలికితే చాలు. అయితే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ ఇతరులకు ఇబ్బంది కలిగేలా బహిరంగ స్థలంలో చేసే అశ్లీల చర్యకు మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చంటుంది. మళ్లీ అదే కథ: రూపం మీద స్వేచ్ఛ, చోటు మీద పగ్గం.

హక్కు అనగలమా?

పెళ్లి చేసుకునే హక్కు, భావప్రకటన హక్కు రెంటినీ కలిపి వాదిస్తే గెలుస్తామని ఆశపడేవాళ్లున్నారు. తీర్పులు అటు మొగ్గడం లేదు. యూరప్ మానవ హక్కుల కోర్టు 2014 అక్టోబరులో గోఫ్ కేసులో, బహిరంగ నగ్నత్వం ఒక రకమైన భావప్రకటనేనని ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే ఆంక్షలు సమంజసమేనంది. పెళ్లి హక్కు విషయంలో అదే కోర్టు వాడే కొలమానం, ఆంక్ష ఆ హక్కు సారాన్నే దెబ్బతీస్తోందా అన్నది. అరగంట సేపు బట్టలు వేసుకోమనడం వల్ల పెళ్లి అసాధ్యమైపోతుందని ఏ న్యాయవాదీ ఒప్పించలేడు. అమెరికా సుప్రీంకోర్టు 2000లో ఇరీ నగరం కేసులో, నగ్నంగా ఉండడం దానంతటదే ఏ భావాన్నీ వ్యక్తం చేసే స్థితి కాదంది.

ఈ తీర్పులు సరైనవేననిపిస్తుంది, కానీ వాటి నుంచి చాలామంది తీసే ముగింపు సరైంది కాదు. హక్కు కాదన్నంత మాత్రాన నిషేధించాలని కాదు. నీలం రంగు చొక్కాతో పెళ్లి చేసుకునే ప్రాథమిక హక్కంటూ ఏదీ ప్రత్యేకంగా లేదు. ఎవరూ ఆపడమూ లేదు. నగ్న పెళ్లి ఆ కోవలోకే రావాలి, ఒక్క షరతుతో: అక్కడున్న ప్రతి ఒక్కరూ ముందే తెలిసి వచ్చినవాళ్లై ఉండాలి.

ఆ ప్రతి ఒక్కరిలో అందరూ మరిచిపోయేది పెళ్లి జరిపించే ఉద్యోగిని. రిజిస్ట్రార్‌కు అది పని చేసే చోటు. జీతానికి పనిచేసే మనిషిని, ఆమె అంగీకరించని నగ్నత్వం ఎదురుగా కూర్చోబెట్టడాన్ని ఏ యజమానీ సమర్థించుకోలేడు. ప్రైవేటు అధికారి సంగతి వేరు, తనంతట తాను ఒప్పుకుంటాడు, లేదంటే వద్దంటాడు. అందుకే ప్రభుత్వ కార్యాలయంలో నగ్న పెళ్లిని హక్కుగా అడగడం తప్పు, ప్రైవేటు స్థలంలో దాన్ని నేరంగా చూడడమూ తప్పు.

రెండో విషయం సమ్మతి. అధికారి చూడాల్సింది ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నారా అన్నది. ఒకరి ఉత్సాహానికి ఇంకొకరు మొహమాటపడి బట్టలు విప్పుతున్న పరిస్థితి ఉండవచ్చు. అక్కడ సిగ్గునూ ఒత్తిడినీ వేరుచేసి చూడడం మామూలు పెళ్లిలోకంటే చాలా కష్టం. చేతులు కట్టుకున్న వధువు చలికి కట్టుకుందా, ఇష్టం లేక కట్టుకుందా? ఆస్ట్రేలియాలో 2024 జూన్ నుంచి పెళ్లికి ముందు అధికారి ఇద్దరినీ విడివిడిగా కలవడం తప్పనిసరి చేశారు. ఆ భేటీ బట్టలతో, వేరే గదిలో జరగాలి. పెళ్లి చెయ్యొచ్చా అని అడిగి ఊరుకోకుండా, ఇలా చెయ్యొచ్చా అని కూడా అక్కడే అడగాలి.

ఉన్న చట్టంలోనే జరుపుకోవాలంటే

చాలా జంటలు పొరబడేది క్రమం విషయంలో. ముందు విడిది బుక్ చేసి, ఆ తర్వాత చట్టం వెతుకుతారు. మొదట తేల్చుకోవాల్సింది అక్కడి లైసెన్స్ ఆ చోటుకు చెల్లుతుందా అన్నది. ఫ్లోరిడా లైసెన్స్ ఫ్లోరిడాలోనే పనికొస్తుంది, అదీ 60 రోజుల్లోపు. న్యూయార్క్‌లో లైసెన్స్ తీసుకున్నాక 24 గంటలు ఆగాలి. ఆస్ట్రేలియాలో నోటీసుతో పాటు, పెళ్లికి అడ్డంకి ఏదీ లేదన్న ప్రకటన మీద తంతుకు ముందే సంతకం చెయ్యాలి. ఈ కాగితాల పనంతా బట్టలతోనే ముగుస్తుంది, ముగియాలి కూడా.

అధికారితో రాతపూర్వకంగా మాట్లాడుకోవాల్సినవి కొన్ని: జంట మాత్రమే నగ్నంగా ఉంటుందా, అతిథులూనా, అధికారి బట్టలతో ఉండొచ్చా, పిల్లలు వస్తారా, ఫొటోల్లో అధికారి కనపడొచ్చా. సాక్షులు బట్టలు వేసుకుని ఉండడానికి ఏ అడ్డూ లేదు. నిజానికి బట్టలతో ఉన్న సాక్షే మేలు, గుర్తింపు కార్డులూ ఉంగరాలూ పెట్టుకోవడానికి ఎవరికో ఒకరికి జేబులుండాలి కదా.

స్థలం ప్రైవేటుదైతే సరిపోదు. రోడ్డు మీద నుంచో పక్కింటి కిటికీ నుంచో కనపడితే అది బహిరంగమేనని చాలా చోట్ల వాదించవచ్చు. వేదిక నిలబెట్టే ముందు బయటి గేటు దగ్గర, దగ్గరలోని ఎత్తైన చోట నిలబడి చూసుకోవాలి. మనిషి ఎత్తు తెర నేల మట్టంలో ఉన్నవాళ్లను ఆపుతుంది గానీ, మేడ మీది వాళ్లను ఆపదు.

సంతకాల బల్ల దగ్గర వచ్చే ఇబ్బంది చాలా చిన్నది, కానీ పెళ్లి నమోదునే ఆపగలదు. బయట ఎండలో జరిగే తంతులో చేతులకు సన్‌స్క్రీన్ ఉంటుంది. ఆ జిడ్డు కాగితానికి అంటితే సిరా పట్టదు, సంతకం అలుక్కుపోతుంది. చదవలేని పత్రాన్ని నమోదు కార్యాలయం వెనక్కి పంపుతుంది. బల్ల మీద తడి గుడ్డ, పొడి తువ్వాలు, గాలికి కాగితం ఎగరకుండా బరువు ఉంచితే చాలు. కూర్చోవాల్సొస్తే ఎవరి టవల్ వాళ్లు వేసుకుని కూర్చోవడం నగ్నవాద విడిదుల్లో ఎలాగూ ఉన్న పద్ధతే.

సామూహిక వేడుకల్లో జాగ్రత్త ఇంకా కావాలి. 2003 ఫిబ్రవరి 14న జమైకాలోని ఒక విడిదిలో 29 జంటలు ఒకేసారి నగ్నంగా పెళ్లి చేసుకున్నాయి. అలాంటి చోట అందరూ కోరస్‌గా పలికితే సరిపోదు. ప్రతి జంటకూ విడి లైసెన్స్, అధికారికి వినిపించేలా విడి ప్రమాణం, విడి సంతకాలు ఉండాలి. ఏ ఒక్కటి తప్పినా ఆ జంటకు మిగిలేది వేడుకే, పెళ్లి కాదు. ఆ సంగతి ఏళ్ల తర్వాత వీసా కోసమో వారసత్వం కోసమో ధ్రువపత్రం అడిగినప్పుడు గానీ బయటపడదు.

ఇంత తంటా ఎందుకనుకునేవాళ్లు కార్యాలయంలో బట్టలతో చట్టబద్ధమైన పెళ్లి ముగించుకుని, తమకు నచ్చిన వేడుక తర్వాత చేసుకుంటారు. చాలామందికి ఇదే సరైన సలహా. అయితే దాన్నే ఏకైక దారిగా చట్టం నిలబెడితే, ప్రమాణం చేసే క్షణమే ముఖ్యమనుకునే జంటకు అది సమాధానం కాదు.

మార్చాల్సిందల్లా మూడు చోట్ల. దుస్తులు ఉన్నా లేకున్నా పెళ్లి చెల్లుబాటు మారదని వివాహ చట్టంలో ఒక వాక్యం. ఏ అధికారైనా నగ్న తంతుకు రానని చెప్పవచ్చు గానీ, ఆ కారణంతో జంటకు మామూలు పెళ్లి కూడా నిరాకరించకూడదని ఇంకో వాక్యం. మూడోది తలుపు గురించి. నగ్న తంతు జరుగుతోందని ప్రవేశ ద్వారం దగ్గర బోర్డు పెడితే బహిరంగంగా జరగాలన్న నియమం నెరవేరినట్టేనని స్పష్టం చెయ్యాలి. అభ్యంతరం చెప్పాలనుకున్నవాడు లోపలికి వచ్చే ముందే దేనిలోకి అడుగుపెడుతున్నాడో తెలుసుకుంటాడు.

ఈ మూడో మార్పు చేసేటప్పుడు ఫొటోల సంగతి కూడా చూడక తప్పదు. ఇంగ్లండ్‌లో సమ్మతి లేకుండా ఒకరి నగ్న చిత్రం పంచుకోవడం 2024 జనవరి 31 నుంచి కొత్త సెక్షన్ కింద నేరం. దానికో మినహాయింపు ఉంది: జనానికి ప్రవేశం ఉన్న చోట, మనిషి తన ఇష్టంతో నగ్నంగా ఉండి, ఫొటో తియ్యరన్న భరోసాకు కారణం లేనప్పుడు తీసిన చిత్రమైతే నేరం కాదు. వివాహ చట్టం చెప్పిందని తలుపు తెరిచిన జంట ఈ మినహాయింపు అంచులకు చేరుతుంది. లోపలికి వచ్చిన అపరిచితుడు ఫోను బయటికి తీస్తే వాళ్ల రక్షణ సన్నబడుతుంది. కాబట్టి ద్వారం దగ్గరి బోర్డు మీద ఫొటోలు తియ్యరాదన్న మాట కూడా ఉండాలి. అతిథుల ఫోన్లు గేటు దగ్గరే తీసుకుని, చిత్రాలు ఎవరి చేతిలో ఉంటాయో ఫొటోగ్రాఫర్‌తో ముందే కాగితం మీద రాయించుకోవాలి. అప్పుడు ఫొటో తియ్యరన్న భరోసా తమకు ఉందని ఆ జంట కోర్టులో చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.